తింగరి మొగుడి సీరియల్

“తర్వాత? తర్వాతేం చేశాడక్కా?”

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని చిట్టి ముందుకు నడిచింది. అవతలి కొసలతో మడతక్క ఎదురొచ్చింది. నాలుగు కొసలూ కలిశాయి.

“ఏం చేస్తాడు? అద్దంలో ఉన్నాయనకి నమస్కారం పెట్టాడు. ‘రండి, కూర్చోండి’ అని కుర్చీ కూడా వేశాడు. అరగంటైనా ఆయన కూర్చోకపోయేసరికి వీడికి కోపమొచ్చేసింది.”

“అయ్యో! మరి పెళ్ళాం?”

“రెండు కప్పుల టీ తెచ్చింది. ఇంటికొచ్చినాయనకి మర్యాద చెయ్యొద్దూ?”

చిట్టి పడీపడీ నవ్వింది. చేతిలో కొస జారింది.

“ఏయ్! ఏంటా ఇకఇకలు?” మేస్త్రి అరిచాడు. “దుప్పటి నేలకి తగిలిందంటే మళ్ళీ ఉతకాలి. మీ బాబొచ్చి ఉతుకుతాడా?”

అది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఎండిన దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి, ఎదురెదురుగా. మిషన్ల హోరులో ఎవరి మాట ఎవరికీ వినబడదు. దుప్పటికి అవతల ఉన్న మనిషి మాట మాత్రం, కొసలు కలిసినప్పుడల్లా కాస్త వినబడుతుంది.

బయట ఎక్కడ చూసినా ఆ తింగరి మొగుడి సీరియల్ గోలే. ప్రతి బస్సు మీదా ఆ మొగుడి బొమ్మే. పొద్దున్నే గేటు దగ్గర, “రాత్రి చూశావా? పొట్ట చెక్కలైందనుకో” అనని వాళ్ళు లేరు. చిట్టి మాత్రం చూడలేదు. పెళ్ళైన ఎనిమిది నెలలకే తిరిగొచ్చి అన్న ఇంట్లో ఉంటోంది. టీవీ వదిన గదిలో ఉంటుంది. సీరియల్ వచ్చే వేళకి చిట్టి వంటింట్లో ఉండాలి.

అందుకే మడతక్క చెప్పేది. రోజూ పొద్దున్నే, పది దుప్పట్లు మడిచేలోపు ఒక కథ. చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాయా లేదా అని గంటకోసారి చూసుకున్నాడని ఒకరోజు. జోరువానలో గొడుగేసుకుని మొక్కలకి నీళ్ళు పోశాడని ఇంకోరోజు. చెప్పేటప్పుడు తను మాత్రం నవ్వేది కాదు.

“నీకు నవ్వు రాదా అక్కా?”

“చెప్పేవాళ్ళు నవ్వకూడదే. నవ్వితే జోకు చచ్చిపోతుంది.”

“మీ ఆయన కూడా నీతో కూర్చుని చూస్తాడా?”

“ఆఁ. ఆయన లేకుండా ఎలా?”

ఒకసారి చిట్టి ఉన్న మాట చెప్పేసింది. “నువ్వీ కథ చెబుతావనే పొద్దున్నే లేస్తున్నానక్కా. లేకపోతే నాకు లేవబుద్ధే కాదు.”

మడతక్క దుప్పటి మీద లేని ముడతని అరచేత్తో రుద్దింది.

ఆ వారం వదిన పుట్టింటికి వెళ్ళింది. చిట్టి వంట ముందే ముగించి, చెయ్యి తుడుచుకుని, టీవీ ముందు కూర్చుంది. ఎన్నాళ్ళకి!

బస్సు మీది మొగుడు బకెట్లో పడ్డాడు. ఎవరో కనబడని జనం గొల్లున నవ్వారు. లేచాడు. పెళ్ళాం అరిచింది. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ గొల్లు. అరగంటా అంతే. చిట్టికి పెదవైనా కదల్లేదు. ఇవాళ బాలేదేమో, రేపు బాగుంటుందిలే అనుకుంది. మర్నాడు నిచ్చెన మీంచి పడ్డాడు.

మూడో రోజు పొద్దున్న దుప్పటి అందుకుంటూ అడిగింది. “నిన్నేమైందక్కా సీరియల్లో?”

“నిన్నా? స్నానానికి వెళ్ళి, బట్టల మీదే నీళ్ళు పోసుకున్నాడు. పెళ్ళాం అడిగితే, ‘బట్టలూ ఉతకాలిగా, ఒక్క దెబ్బకి రెండు పనులు’ అన్నాడు.”

చిట్టి కొసలు వదిలేసింది. దుప్పటి నేలమీద పడింది.

“నిన్న నేను చూశాను. మొన్నా చూశాను.”

మడతక్క వంగి దుప్పటి తీసింది.

“ఆ మొగుడే లేడక్కా అందులో. వాడెవడో పడతాడు, లేస్తాడు, పడతాడు. టీ ఇచ్చే పెళ్ళాం కూడా లేదు, అరిచే గయ్యాళి ఉంది. ఎందుకు చెప్పావు ఇన్ని అబద్ధాలు?”

“నవ్వావుగా.”

“నవ్వాను. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది. మా ఆయనా ఇంతే. ఉద్యోగమన్నాడు, ఇల్లన్నాడు, వెళ్ళి చూస్తే ఒక్కటీ లేదు. నువ్వొక్కదానివే నిజమనుకున్నాను. నువ్వూ నన్ను వెర్రిదాన్ని చేశావా?”

“చిట్టీ...”

“పిలవకు. రేపట్నుంచి ఇస్త్రీ మిషన్ దగ్గర వెయ్యమని మేస్త్రిని అడుగుతాను.”

ఆ రోజంతా ఇద్దరి మధ్యా దుప్పట్లు వచ్చాయి, పోయాయి. కొసలు కలిసినప్పుడు చిట్టి మొహం పక్కకి తిప్పుకునేది.

సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మడతక్క పక్కకొచ్చి నిలబడింది.

“ఒక్కసారి మా ఇంటికి రా.”

“ఎందుకు? మీ టీవీలో వేరేది వస్తుందా?”

“పని మార్చమని రేపు అడుగుదువుగాని. ఇవాళ రా.”

రెండు వీధులు నడిచారు. మూడంతస్తుల మెట్లెక్కారు. తలుపుకి బయటినుంచి గడియ పెట్టి ఉంది.

“ఇంట్లో ఎవరూ లేరా?”

మడతక్క గడియ తీసింది. తీసి, లోపలికి వెళ్ళకుండా, రెండుసార్లు మెల్లగా తలుపు కొట్టింది. సొంతింటి తలుపు ఎవరైనా కొడతారా అనుకుంది చిట్టి.

లోపలినుంచి తలుపు తెరుచుకుంది. సన్నటి మనిషి. మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. ఆయన వెనక, గోడనున్న అద్దానికి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేసి ఉంది. ఎదురుగా నిలబడ్డ మడతక్కని ఎగాదిగా చూసి, మర్యాదగా ఒకడుగు వెనక్కి వేశాడు.

“మా ఆవిడ ఇంట్లో లేదండీ,” అన్నాడు ఆమెతో.