గంగాబాయి తీసిన ముఖం

"ముఖం రావద్దు బిడ్డా. చేతులు, వాకిలి, ఆరవోసిన పసుపు... గంతే తియ్యి."

ముత్తవ్వ మాటకు గంగాబాయికి ఒళ్లు మండింది. కెమెరా భుజం మీద సర్దుకుని, "దుబాయిల ఉన్న మొగడు పెండ్లాం ముఖం చూస్తనంటె వద్దంటవేందవ్వా?" అంది.

"మా కోడలు భాగ్యవ్వకు సిగ్గెక్కువ. మాట గూడ అడగకు."

వాకిట్లో ఆమె చెంగు కళ్లదాకా లాక్కుని, వంచిన తల ఎత్తకుండా పసుపు కొమ్ములు చేత్తో పరుస్తోంది. జక్రాన్‌పల్లి దగ్గరి ఆ పల్లెకు గంగాబాయి రావడం అదే మొదటిసారి. భార్యను వీడియోలో చూడాలని హన్మాండ్లు దుబాయి నుంచి ఉత్తరం మీద ఉత్తరం రాస్తుంటే, అతని తల్లి ముత్తవ్వే ఆర్మూర్ వచ్చి పిలుచుకొచ్చింది.

ఆర్మూర్‌లో కెమెరా పట్టిన ఆడమనిషి గంగాబాయి ఒక్కతే. మగవాళ్ల కెమెరాలు పెళ్లికూతురి నడుము దగ్గర ఆగితే, ఆమెది కళ్ల దగ్గర ఆగేది. ఆడదాని కష్టం కళ్లలోనే తెలుస్తుందని, మొగుళ్లు చూడాల్సింది అదేనని ఆమె పట్టు. ఒకరు చెబితే వినే రకం కాదు.

ముత్తవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"భాగ్యవ్వా!"

పలకలేదు.

"ఓ భాగ్యవ్వా!"

అయినా తల తిప్పలేదు. సొంత పేరుకు పలకడానికీ భయమేనా? అత్త మంచితనం, వేప తీపి ఎక్కడా ఉండవని ఊరికే అన్నారా! గంగాబాయి కెమెరాతో ఎదురుగా పోయి గొంతుకూర్చుంది. ఆమె ఉలిక్కిపడి తలెత్తింది, చెంగు జారింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో ముఖం నిండుగా కెమెరాలో పడింది.

ఆ సాయంత్రమే క్యాసెట్‌ను సెలవు ముగిసి దుబాయి పోతున్న తన వీధి రాజేశ్వర్ చేతిలో పెట్టింది. దుబాయిలో అతనిదీ హన్మాండ్లుదీ ఒకే గది. విమానం కోసం రాజేశ్వర్ ఆ రాత్రే బొంబాయి బస్సెక్కాడు.

మర్నాడు పసుపు అమ్మడానికి మార్కెట్‌కు వచ్చిన ముత్తవ్వ, గంగాబాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"పంపినవా బిడ్డా? ముఖం రాలే గద?"

"వచ్చింది. నేనే తీసిన. కోడల్ని ఎంత అరిగోస పెడుతున్నవో నీ కొడుకు గూడ జూడాలె!"

ముత్తవ్వ రెండు చేతులూ జోడించింది. "గా క్యాసెట్ తీస్కపోయే పిలగాన్ని జర ఆపు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!"

"నిన్ననే పోయిండు."

"అయ్యో! నా కొడుకు పాస్‌పోర్టు పనిచ్చిన సేటు దగ్గరున్నది. ఇప్పట్ల రానియ్యడు. మనసు మెత్తనోడు, ఒక్కడే కుమిలి కుమిలి ఆడ ఏమన్న జేసుకుంటడని గిట్ల దాసినం..."

"ఏం దాసిండ్రు?" అంది గంగాబాయి.

"నువ్వు తీసినామె భాగ్యవ్వ చెల్లె, భాగ్యవ్వ సచ్చి మూన్నెల్లాయె బిడ్డా."