పిల్లికి పట్టిన పసుపు

"మళ్లా పోయిందయ్యా గా రామవ్వ కల్లంలకు! చెవులు చూడు, ఎంత పచ్చగున్నయో!"

భాగ్యవ్వ పిల్లిని ఎత్తి మొగుడి మొహం ముందు పెట్టింది. ఆర్మూర్ అంతా పసుపు ఊరే అయినా, ఆ వాడకట్టులో పసుపు ఉడికించి ఆరబోసేది పక్కింటి రామవ్వ ఒక్కతే. తెల్లటి పిల్లికి పచ్చ అంటిందంటే అది ఎవరి ఒళ్లో పడుకుని వచ్చిందో ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. రామవ్వ మాట మెత్తన, నవ్వు మెత్తన. భాగ్యవ్వకు ఆ మెత్తదనమే గిట్టదు.

గంగాదాస్ గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "పసిరికలైనోనికి లోకమంత పచ్చగనే కనవడ్తదట. పిల్లి అన్నంక నాలుగిండ్లు తిరుగుతదే. దానికేం కట్టుబాటు?" అని పెర్కిట్‌లో తను పనిచేసే టైర్ల దుకాణానికి బయల్దేరాడు.

భాగ్యవ్వ మాత్రం ఊరుకోలేదు. పిల్లిని సబ్బు పెట్టి రుద్ది కడిగింది. బొచ్చు తెల్లబడింది కానీ చెవుల పచ్చ పోలేదు. గదిలో వేసి గొళ్లెం పెట్టి, గిన్నెలో పాలు పోసింది. పిల్లి మొహం తిప్పుకుంది.

"నా పాలు చేదైనయా? గామె ఎండుచేపలే రుచైనయా?" అని ఏడ్చినంత పని చేసింది.

విచిత్రం ఏమిటంటే, మూసిన గదిలోనే పిల్లి ఇంకా పచ్చబడింది. రామవ్వ కిటికీలోంచి పిలిచి దువ్వుతోందని భాగ్యవ్వ కిటికీ రెక్కలు కూడా మూసేసింది. రెండు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం పిల్లి కక్కి, తోక కూడా ఆడించకుండా పడిపోయింది. అప్పుడు అసూయ పోయి భయం పట్టుకుంది. పిల్లిని చంకనేసుకుని రామవ్వ ఇంటి మీదికి పోయి, "నా పిల్లికేం పెట్టినవే?" అని తలుపు బాదింది. లోపల గడియ పెట్టి ఉంది. ఎవరూ పలకలేదు. మొగుడికి సెల్లు చేసి, ఆటో ఎక్కి పశువుల దవాఖానకు ఉరికింది.

డాక్టర్ భీమ్‌రావు పిల్లిని బల్ల మీద పడుకోబెట్టాడు.

"గా పచ్చ ఏం లేదు సారూ, పక్కింటామె కల్లంల పసుపు."

డాక్టర్ తడి దూదితో పిల్లి చెవిని గట్టిగా తుడిచి చూపించాడు. దూది తెల్లగానే ఉంది.

"పసుపైతే దూదికి అంటాలె గదమ్మా. ఇది లోపలి పచ్చ. పసిరికలు, గదే కామెర్లు. చిగుళ్లు చూడు, కండ్లు చూడు. దొడ్డికి ఎట్లపోతున్నది?"

"సున్నం ముద్ద లెక్క తెల్లగ, సారూ."

డాక్టర్ పక్కటెముకల కింద నొక్కాడు. పిల్లి మూలిగింది.

"కార్జం కాడికెల్లి పైత్యం దిగే గొట్టం మూసుకపోయినట్టున్నది. రాయో, గడ్డో స్కానింగ్‌ల తెలుస్తది. దిగాల్సిన పైత్యం రక్తంల కలుస్తున్నది. గందుకే తింటలేదు."

"బతుకుతదా సారూ?"

"గొట్టం తెరిస్తే బతకొచ్చు. ఆపరేషన్‌ల రక్తం ఆగేటందుకు సూది వేస్తున్న, సెలైన్ పెడుతున్న. ఇవ్వాళ్నే హైదరాబాద్ పెద్ద పశువుల దవాఖానకు కొంచవోండ్రి."

భాగ్యవ్వ పిల్లి తల మీద చెయ్యి వేసి బొటబొటా కన్నీళ్లు కార్చింది. అది ఎక్కడికీ పోలేదు. ఎవరి ఒళ్లోనూ పడుకోలేదు. రోగంతో ఇంట్లోనే పడి ఉంటే తను దాని మీద రంకు కట్టింది. ఏ పాపం ఎరగని రామవ్వను ఆడిపోసుకుంది. పోగానే ఆమె చేతులు పట్టుకుని మాఫీ అడగాలనుకుంది. ఆ మాట అనుకున్నాకనే గుండె తేలికైంది.

గంగాదాస్ రొప్పుకుంటూ వచ్చాడు. "సెల్లు రాంగనే దుకాణం కాడికెల్లి సీదా ఉరికొచ్చిన. ఏమైందే?"

"పెద్ద దవాఖానకు పోవాలె. జర పైలంగ ఎత్తుకో."

అతను తువ్వాల పరిచి పిల్లి మీదికి వంగాడు. కాలరు వెనక్కి జరిగింది. మెడ మీద నాలుగు వేళ్ల అచ్చు, పచ్చగా.

భాగ్యవ్వ, దేవుడా ఇది పసిరికలే కావాలె అని మొక్కుకుంటూ తడి దూది తీసుకుని మొగుడి మెడ తుడిచింది.

దూది పచ్చబడింది.