చుక్క దిగని సంచి

చినబాబు పేరు వినబడితే చాలు, త్రిమూర్తులుకి ఒళ్లు మండిపోతుంది.

మండదా మరి? తన చేను పక్కనే రొయ్యల చెరువు తవ్వాడు. చెరువు గట్టుని మురుగు కాలవలోకి జరిపేశాడు. అప్పట్నుంచి వాన పడితే చేలో నీరు దిగే దారి లేదు. ఈ ఏడు రెండుసార్లు నారు పోస్తే రెండుసార్లూ కుళ్లింది.

"ఇంకెందుకు త్రిమూర్తులూ ఆ మడుగు? నాకిచ్చెయ్, చెరువులో కలిపేసుకుంటా" అంటాడు చినబాబు, కనబడినప్పుడల్లా నవ్వుతూ.

"మూడోసారి పోశానండి. ఇదీ పోతే అప్పుడు చూద్దాం" అంటాడు త్రిమూర్తులు.

చేను పెట్టని తిండి అమలాపురం రోడ్డు మీద బరకాల కొట్టు పెడుతోంది. లారీలకి బరకాలు కుడతాడు. చెరువులకి ప్లాస్టిక్ షీట్లు అతుకుతాడు.

ఆ రోజు పొద్దున్నించీ ముసురు. కొట్టు ముందు ఓ పెద్దాయన సైకిలు ఆపాడు. చొక్కా పిండుకుంటూ లోపలికొచ్చాడు.

"సైకిలుకి వెనకాల అటొకటీ ఇటొకటీ వేలాడే సంచులు కావాలండి. చుక్క నీరు దిగకూడదు."

"ఆన్‌లైన్లో బోలెడు దొరుకుతున్నాయి కదండీ."

"కొన్నానండి. రెండు వానలకే కుట్లమ్మట తడి వచ్చేసింది. మీరు చెరువు షీటు అతుకుతారట కదా, దాంతో చెయ్యండి. సూది మాత్రం పెట్టొద్దు."

"ఈ వయసులో సైకిలేంటండీ? బండి కొనుక్కోపోయారా?"

"బండి మీద పోతే ఊళ్లు కనబడవండి. సైకిలైతే ఆయాసం వచ్చి ప్రతి గట్టు దగ్గరా ఆగుతాను కదా!"

త్రిమూర్తులు నవ్వాడు. మనిషి నచ్చాడు.

మందంగా ఉన్న షీటు ఏరి కోశాడు. అంచులు వేడి చేసి అతికించాడు. మూతి మడతలు చుట్టి బిగించేలా పట్టీలు పెట్టాడు.

పెద్దాయన రెండు సంచుల్లోనూ నీళ్లు పోసి చూరుకి వేలాడదీశాడు. టీ తాగి వచ్చి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. తడి లేదు.

"భలే అతికారండీ!"

"ఏం మోస్తారండీ వీటిల్లో?"

"సీడండి."

ఆ చుట్టుపక్కల సీడంటే రొయ్య పిల్లలు. త్రిమూర్తులు చెయ్యి ఆగిపోయింది.

"ఎవరికండీ?"

"ఈ ఊళ్లో చినబాబు గారి చెరువుందట కదా, అక్కడ వేద్దామని. ఇక్కడి నీళ్లకి నిలుస్తుందో లేదో చూడాలి. ఇంటికెళ్లి నింపుకొస్తాను."

త్రిమూర్తులు మొహం మాడిపోయింది. వీడూ ఆ బాపతేనా!

"ఇటివ్వండి. కొక్కేలు బిగించి ఇస్తాను."

సంచులు లోపలికి పట్టుకుపోయాడు. ఒకదాని అడుగున, మడత కింద, దబ్బనంతో పొడిచాడు. కసి తీరా పొడిచాడు. నీళ్లన్నీ కారిపోయి చినబాబు సీడు దారిలోనే చావాలి.

"చుక్క కారదండి. కావాలంటే రాసిస్తాను" అన్నాడు బయటికొచ్చి.

పెద్దాయన బేరమాడకుండా డబ్బులిచ్చి, దణ్ణం పెట్టి, సైకిలెక్కాడు.

వారం దాటినా వాన ఆగలేదు. మూడోసారి పోసిన నారు కూడా కుళ్లింది.

త్రిమూర్తులు చినబాబు గుమ్మం ఎక్కాడు.

"ముందే వస్తే ఆ విత్తనాల ఖర్చన్నా మిగిలేది కదయ్యా" అన్నాడు చినబాబు.

సంతకాలయిపోయాయి.

మర్నాడు ఒకమ్మాయి కొట్టుకొచ్చింది. చేతిలో ఆ సంచి. ఒక్కటే.

"ఇది మీరు చేసిందేనాండీ? నా పేరు ప్రిస్కిల్లా. ఆకివీడు నుంచి వచ్చాను. సైకిలు మీద వచ్చి ఇవి చేయించుకున్నది మా నాన్నండి."

"ఆయన రాలేదా అమ్మా?"

"లేరండి. రోడ్డంతా మోకాటి లోతు నీళ్లు. అందులోనే తోసుకుంటూ వచ్చారట. ఒక సంచిలోకి నీళ్లెక్కి, గట్టు మీద సైకిలు ఆ పక్కకి ఒరిగిపోయింది. కాలవలో పడ్డారు. ఒడ్డుకి లాగేసరికే అయిపోయింది."

త్రిమూర్తులు బల్ల పట్టుకున్నాడు.

"దేనికో గీరుకుని చిరిగుంటుంది లెండి, మీరేం చేస్తారు! ఇదిగో, దీంట్లోకి చుక్క దిగలేదు."

మూతి విప్పింది. లోపల వడ్లు. పొడిగా ఉన్నాయి.

"సీడన్నారు కదమ్మా... రొయ్యలు కాదా?"

"రొయ్యలేంటండీ! ఆ పేరెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవారు. మా పొలం పోయిందే ఆ చెరువుల కింద."

"మరి ఈ వడ్లు?"

"మా తాతల నాటి ముంపు వరండి. రెండు వారాలు నీళ్లలో మునిగున్నా చావదు. మాకు పొలం లేదు కదా, విత్తనం అంతరించిపోకూడదని ఏటా ఎవరిదో మునిగే చేను వెతుక్కుని, ఊరికే నాటి పెట్టేవారు. పంట ఆ రైతుకి. మళ్లీ ఏటికి విత్తనం మటుకు మాకు."



"ఈ ఏడు ఎక్కడ వేద్దామనుకున్నారమ్మా?"

"చినబాబు గారి చెరువు పక్కన చేనొకటుందటండీ. పాపం, పోసిన నారు పోసినట్టే కుళ్లిపోతోందట. ఆ రైతు పేరు కనుక్కునేలోపే ఇలా అయ్యింది. మీకు తెలిస్తే చెప్పండి, ఇది ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోతాను."

త్రిమూర్తులు చెయ్యి చాచలేదు. ఆ చేను, ఎకరం డెబ్బై రెండు సెంట్లూ, నిన్న మధ్యాహ్నమే చినబాబు పేర రిజిస్టరైపోయింది.