రెండెకరాల చదువు

శాంతవ్వకు కూతురంటే ప్రాణమనీ, కొడుకంటే పగ అనీ వికారాబాద్‌లో ఆ గల్లీ అంతా నమ్మింది.

నమ్మకానికి రుజువులు కూడా ఉన్నాయి. వెతికితే దేనికైనా దొరుకుతాయి. మూడేళ్ల కిందట భవ్యశ్రీని వెంటబెట్టుకుని వచ్చి, సైరా ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుంది శాంతవ్వ. తాండూరు దగ్గర ఆమెకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల కంది చేను ఉంది. దాని కౌలులో కొడుకు మహిధర్‌కు నయాపైసా ఇవ్వదు. అదీ, తాను జొన్నరొట్టెలు అమ్మి సంపాదించిందీ భవ్యశ్రీ చదువుకే. ఫీజు, రైలు పాసు, పుస్తకాలు పోను, నెల మొదటి తారీఖున పిల్ల చేతిలో వెయ్యి రూపాయలు పెడుతుంది.

భవ్యశ్రీ ఆమెను ‘అమ్మా’ అని పిలుస్తుంది. మహిధర్ వస్తే మాత్రం పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. అన్నాచెల్లెళ్లకు మాటల్లేవని గల్లీ తేల్చేసింది.

ఆ ఆదివారం మహిధర్ మళ్లీ వచ్చాడు. శాంతవ్వ రొట్టె తడుతోంది.

“చేను అమ్ముదాం అమ్మా. పట్నం దిక్కు ప్లాటు చూసిన.”

“పిల్ల చదువు?”

“ఇంట్లనే ఉంటది, ఇంట్లనే తింటది. దానికి నెలనెలా పైసలెందుకు?”

“ఎవని ముంగట చెయ్యి చాపకుండ ఉండనీకి.”

“అది నీకు మందు పెట్టింది. గందుకే గిట్ల తయారైనవ్.”

గడప దగ్గర కూర్చున్న సైరా పక్కున నవ్వింది. “అరే బేటా, కన్నబిడ్డ తల్లికి మందు పెడ్తదా?”

మహిధర్ ఏదో అనబోయి ఆగిపోయాడు. శాంతవ్వ పెనం మీద రొట్టె తిరగేసింది.

“మందు అన్నంల కలిపి పెడ్తరంట. ఈ ఇంట్ల వండేది నేనే. నాకు నేనే పెట్టుకున్ననా?”

అతడు విసురుగా వెళ్లిపోయాడు. సైరాకు జాలేసింది.

“శాంతక్కా, వాడు గూడ నీ కడుపుల పుట్టినోడే గద. ఆడపిల్లకు ఎంత పెట్టినా, రేపు ఇంకో ఇంటికి పోయేదే.”

“పోతది. నేనే తోల్త.”

పగను శాంతవ్వ కందిపప్పులా దాచుకుంది. బాగా ఎండబెట్టి, పురుగు పట్టకుండా. గురువారం నాడు తానే కొడుక్కు ఫోన్ చేసింది.

“సోమారం తాండూరు తహసీల్దార్ ఆఫీసుకు రా. చేను రాసిస్తున్న.”

ఎవరికో చెప్పలేదు. అతడూ అడగలేదు.

సోమవారం మహిధర్ కొత్త చొక్కా తొడుక్కుని, మిఠాయి డబ్బాతో వచ్చాడు. సైరా సాక్షి సంతకానికి వచ్చింది. కంప్యూటర్ ముందు కుర్చీలో భవ్యశ్రీ కూర్చుని ఉంది. ఆపరేటర్ ఆమె వేలిముద్ర తీసుకుంటున్నాడు.

మహిధర్ మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టాడు. “నేనేడ సంతకం పెట్టాలె?”

“నీకు సంతకం పని లేదు.”

“మరి నన్నెందుకు పిలిచినవ్?”

“సూడనీకి.”

ఆపరేటర్ వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

“సొంత కొడుకును కాదని దీనికా? ఊరంతా ఉమ్మేస్తది నీ మీద!”

“ఉమ్మనీ,” అంది శాంతవ్వ, గొంతు పెంచకుండా. “డిగ్రీ ఒడిసినంక ఎమ్మెస్సీ చదివిస్త. మంచి పిలగాన్ని చూసి పెండ్లి గూడ చేస్త. ఆ పొద్దు గూడ నిన్ను పిలుస్త. వచ్చి సూడు.”

పెళ్లి మాటకు మహిధర్ తల దించుకున్నాడు. భవ్యశ్రీ మొదటిసారి అతని వైపు సూటిగా చూసింది. చూపు తిప్పుకోలేదు.

సైరా ఉండబట్టలేక అతని భుజం తట్టింది. “చెల్లె మీద గింత కోపమేంది బేటా?”

శాంతవ్వకు కూతుళ్లు లేరు. ఉన్నది మహిధర్ ఒక్కడే. అతడు తాళి కట్టి, రెండేళ్లకే ఇంకొకతె కోసం విడాకులిచ్చి వదిలేసిన పిల్ల భవ్యశ్రీ.