ముద్ద తినే కుర్చీ

సోమవారం వినీల ఉద్యోగంలో చేరాలి. ఆలోగా పాపకు అన్నం తినిపించే రోబో కుర్చీ దొరకాలి. గాజువాక షాపులో నాలుగో కుర్చీ కూడా పాట పాడి, వినీల ఇంటినుంచి తెచ్చిన పప్పన్నం ముద్ద చేసి పాప నోటిదాకా తెచ్చింది. పాప ఆ ముద్ద లాక్కుని కుర్చీకే పెట్టబోయింది.

"క్షమించండి, నేను తినను," అంది కుర్చీ మర్యాదగా.

పాప ఏడుపు లంకించుకుంది.

"మొదటి ముద్ద పెట్టేవాళ్లు తింటేగాని మా పాప నోరు తెరవదు," అంది వినీల. "అంతా మా అత్తయ్య చేసిన అలవాటు."

"మధ్యలో మా అమ్మెందుకు?" అన్నాడు భర్త భార్గవ.

చివరికి పాపను మూలనున్న పాత మోడల్లో కూర్చోబెట్టారు. పాప మళ్లీ ముద్ద లాక్కుని అందించింది. కుర్చీ కాసేపు ఆలోచించి, మెతుకులు పడే సొరుగు తెరిచి, "ఆం" అంది. ముద్ద లోపలికి పోయింది. పాప సొరుగులోకి తొంగిచూసి, తనూ నోరు తెరిచింది.

"ఇదే ఇచ్చెయ్యండి," అంది వినీల.

"నెయ్యి వెయ్యలేదు," అంది కుర్చీ.

పొద్దున్న హడావుడిలో వినీల నిజంగానే మర్చిపోయింది.

"దీనికి రుచి కూడా తెలుసా?"

"ఏమో మేడమ్," అన్నాడు సేల్స్‌మన్. "ఇంతవరకూ దానికెవరూ పెట్టలేదు."