రెండే మాటలు

“ఏదో ఒక రోజు నా గుంటడు శవమై వస్తాడత్తా. రాసిపెట్టుకో.”

గౌరి ఆ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, అంతే. అత్త బుల్లమ్మ బియ్యం చేట పక్కన పెట్టి కసిరింది.

“నీ నోట్లోంచి మంచి మాట రాదేటే? పిల్లడు దగ్గితే టీబీ అన్నావు. ఆటోలో పంపితే బోల్తా పడతాదన్నావు. ఇప్పుడా సారు మీద పడ్డావేటి?”

“ఆటో అయితే పదిమంది పిల్లలుండేవోరు. ఇప్పుడీయనొక్కడే వచ్చి ఎక్కించుకుపోతన్నాడు. ఎందుకొస్తన్నాడో సెప్పు?”

బుల్లమ్మ మళ్ళీ చేట అందుకుంది.

గౌరి కొడుకు సింహాద్రికి తొమ్మిదేళ్ళు. కాళ్ళలో బలం లేదు. మాటలూ తక్కువే. అలాంటి పిల్లల కోసం మండలం బడిలో ప్రభుత్వం ఒక సెంటరు పెట్టింది. మొదట్లో ఆటో ఛార్జీలు కూడా వాళ్ళే ఇచ్చేవారు. ఫిజియో మేడం వచ్చి కాళ్ళకి పట్టీలు బిగించి కాసేపు నిలబెట్టేది. తర్వాత పైనుంచి నిధులు రావడం లేదన్నారు. ఆటో ఆగిపోయింది. మేడం మానేసింది. మిగిలింది జగన్నాధం సారొక్కడే. పొద్దున్నే తన బండి మీద వస్తాడు. పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాడు. మధ్యాహ్నం దించుతాడు. సెంటరు సంగతి అడిగితే మాత్రం చూపు తిప్పేసుకుంటాడు.

ఆ సాయంత్రం స్నానం చేయిస్తుంటే గౌరి చేతిలో చెంబు జారిపోయింది. పిల్లవాడి మోకాళ్ళ కింద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు. విప్పిన చొక్కా అంచున కారప్పొడి.

“ఎక్కడిదిరా ఇది?”

“సారు కొట్టు.”

“మరి ఈ కారం ఎక్కడిది నాయినా?”

“సారు కొట్టు,” అని నవ్వాడు.

సింహాద్రి రెండు మాటలకి మించి కలపలేడు. వాడి నోట ఏ పనైనా ఒక్కలాగే వస్తుంది. తిన్నాక కూడా ‘తిను’ అంటాడు. పడ్డాక కూడా ‘పడు’ అంటాడు. ఆ భాష గౌరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆమెను ఎక్కువ భయపెట్టింది ఆ నవ్వు. దెబ్బలకి అలవాటు పడిపోయాడు నా తండ్రి, అనుకుంది.

“ముందు ఆయన్ని అడిగి సూద్దాం,” అన్నాడు మొగుడు ధర్మేంద్ర.

“అడిగితే ఔనంటాడేటి? పీనుగు ఇంటికొచ్చాక అడుగు!”

చీపురుపల్లి స్టేషను దగ్గర ఆటో తోలే తమ్ముడు మోహనకృష్ణకి ఫోను చేసింది.

“ఆళ్ళకి జీతాలు రావట్లేదంటక్కా,” అన్నాడు వాడు. “ఆ కసి మాటరాని గుంటల మీద తీర్సుకుంటన్నాడు గావాల. తాడేసి కట్టీసి, కళ్ళల్లో కారం కొట్టి... నాను పొద్దున్నే వస్తన్నాను.”

మర్నాడు సారు బండి వీధిలోకి రాగానే ధర్మేంద్ర హేండిలు పట్టి లాగాడు. బండి పడింది. దాని కింద సారు పడ్డాడు. మోహనకృష్ణ మొదటి దెబ్బ మొహం మీదే వేశాడు. కళ్ళజోడు పగిలి, గాజుపెంకు కనుబొమలో దిగింది.

“సెంటర్లో నా కొడుకుని ఏటి సేస్తన్నావురా?” గౌరి అరిచింది.

సారు నోరు తెరిచాడు. అరుగు మీద కూర్చున్న పిల్లవాడి వైపు చూశాడు. నోరు మూసేసుకున్నాడు.

“సూసినావా బావా, మాట రాదు దొంగనాయాలికి!”

అరుగు మీంచి సింహాద్రి కేక పెట్టాడు. “సారు కొట్టు! సారు కొట్టు!”

“పిల్లడే కొట్టమంటన్నాడర్రా!” గుంపులో ఎవరో పకపకా నవ్వారు. “ఇంకోటెయ్యండి, ఆడి ముచ్చట తీరాల!”

వేశారు. డొక్కలో తన్నారు. జుట్టు పట్టి మొహం నేలకి రాశారు. అడ్డం పెట్టిన ముంజెయ్యి పటుక్కుమంది. “వొగ్గీండర్రా, సచ్చిపోతాడు!” అంటూ బుల్లమ్మ అడ్డం పడబోతే పక్కకి నెట్టేశారు. సింహాద్రి అరుస్తూనే ఉన్నాడు. వాడు అరిచిన ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువ పడింది.

గౌరి పొయ్యిలోంచి సరుగుడు కర్ర లాక్కొచ్చింది. దాని కొస ఇంకా కణకణలాడుతోంది. దాంతోనే సారు భుజం మీద బాదింది. చొక్కా కాలి చర్మానికి అంటుకుంది. సారు పెట్టిన కేకకి వీధి కుక్కలు పారిపోయాయి.

రెండోసారి ఎత్తిన కర్ర గాల్లోనే ఆగిపోయింది.

అరుగు ఖాళీగా ఉంది. సింహాద్రి సారుకీ కర్రకీ మధ్యకి వచ్చేశాడు. ఏడుస్తున్నాడు. ఒంట్లో ప్రతి ఎముకా వణుకుతోంది. కానీ తన కాళ్ళ మీద తను నిలబడి ఉన్నాడు.

“సారు కొట్టు,” అన్నాడు, సారు చొక్కా పట్టి లాగుతూ. “సారు కొట్టు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. గౌరి కర్ర జారవిడిచింది.

“ఈడెలా నిలబడ్డాడు?” ఆమె వాడి మోకాళ్ళు తడిమింది. “సెంటర్లో ఈడికేటి సేసినావు సారూ?”

సారు నోట్లోంచి కారిన నెత్తురు మట్టిలో ఇంకుతోంది. ఊడిన పన్ను ఉమ్మి, విరగని చెయ్యి పిల్లవాడి వీపు మీద వేసి, చివరికి నోరు విప్పాడు.

“సెంటరు మూసీసి శానాళ్ళయిందమ్మా, సెప్తే పంపడం మానేస్తారని దాసినాను గానీ, పట్టీల్లేక కాళ్ళకి తాడు కట్టి నిలబెట్టడానికి రోజూ నాను ఈణ్ణి తీసుకెళ్తన్నది మా ఊళ్ళో నా కిరాణా కొట్టుకి.”