పోయొస్త

బావిలో దూకిన సమ్మయ్యకు దినాలు ముగిసిన మర్నాడు, అతని భార్య భూలక్ష్మి గోడకున్న ఊరటపెట్టెను ఆయన చివరి మాటలు వినిపించమంది. ఊరికి దూరంగా చేలల్లో ఉండే ప్రతి ఇంటికీ ఇచ్చిన పెట్టె అది. పొద్దూమాపూ మనసులో మాట అడిగి, ధైర్యం చెబుతుంది.

"పొలానికేనా, అన్నా?" అంది పెట్టె గొంతు.

"ఆఁ... పోత," అంది సమ్మయ్య గొంతు.

"సంతోషం, అన్నా."

భూలక్ష్మి గోడకు తల బాదుకుంది. "ఇల్లు కదిలెటోడు పోయొస్త అంటడు గని, పోత అంటడా? ఆ మాట నా చెవుల వడుంటే కాళ్లకు అడ్డం పడకపోదునా!"

"క్షమించండి అక్కా. గుర్తుపెట్టుకుంటాను."

తెల్లారి ఆమె కొడవలి తీసుకుని, పలకకుండా గడప దాటబోయింది.

"పోయొస్త అనండి, అక్కా," అంది పెట్టె.

భూలక్ష్మి గడప మీదే నిలబడిపోయింది. ఆ మాట ఎంతకీ నోట రాలేదు.